రెండోవాడు రాసిన ఒకటి

ఉసుయి కత్సుజికి అరవై ఏడేళ్ళు వచ్చేదాకా జీవితంలో ఏదీ మొదట దక్కలేదు. ఒకటో వాడలో ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. కాకపోతే వాళ్ళు నవ్వు దాచుకుని చెబుతారు, నాకు ఆ ఓపిక లేదు.

తండ్రి పెద్దకొడుక్కి పేరు చివర 'ఒకటి' వచ్చేట్టు షోయిచి అని పెట్టాడు. నాలుగేళ్ళకి ఇంకో మగపిల్లవాడు పుడితే చివర 'రెండు' వచ్చేట్టు కత్సుజి అన్నాడు. పేరు పెట్టడానిక్కూడా అంత బద్ధకం! మా సరస్సు ఒడ్డు ఊళ్ళలో రెండో కొడుకుని 'చద్దన్నంగాడు' అనేవారు. పొయ్యి మీంచి దించిన వేడన్నం పెద్దవాడికి, అడుగున మిగిలి చల్లారింది రెండోవాడికి. వేణ్ణీళ్ళ తొట్టిలో ముందు తండ్రి దిగేవాడు, తర్వాత షోయిచి. కత్సుజి వంతు వచ్చేసరికి నీళ్ళు గోరువెచ్చన, పైన ఎవరివో రెండు వెంట్రుకలు. ఇల్లు పెద్దవాడిది, పొలం పెద్దవాడిది, ఆఖరికి సమాధి రాయి కూడా పెద్దవాడిదే. చావాలంటే రెండోవాడు వేరే రాయి చూసుకోవాలి.

పెద్దయ్యాకైనా మారిందా అంటే అదీ లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు పడవల రేవులో టికెట్లిచ్చి, చివరికి ఉప మేనేజరై దిగిపోయాడు. వాడ సంఘంలో ఉపాధ్యక్షుడు. చేపలు పట్టేవాళ్ళ క్లబ్బులో ఉప కార్యదర్శి. ఆ క్లబ్బుకి అసలు కార్యదర్శే లేడు, అయినా ఇతను ఉపే!

అలాంటివాడికి ముసలితనంలో అదృష్టం తలుపు తట్టింది. అదీ అన్నగారి దురదృష్టం పుణ్యమా అని.

అక్టోబరు పండుగకి మా ఊరి ఆరు వాడలూ ఆరు జెండాలు పట్టుకుని గుడికి వెళతాయి. జెండా మీద వాడ అంకె తప్ప ఇంకేమీ ఉండదు. మాది ఒకటో వాడ కాబట్టి ఒకటి. ఒకటంటే ఏముంది, ఎడమ నుంచి కుడికి అడ్డంగా ఒక్క గీత. మా పిల్లలు బడిలో నేర్చే మొట్టమొదటి అక్షరం అదే. ఆ గీత గీసే హక్కు మాత్రం ఉసుయి వారి పెద్దింటి యజమానిది. ఒకసారి గీస్తే గుడ్డ చిరిగేదాకా అదే నడవాలి. తాత గీశాడు, తండ్రి గీశాడు, షోయిచి గీశాడు. షోయిచి గీసింది ముప్పై ఒక్క పండుగలు చూసి, పోయినేడు తుఫాను గాలికి నిలువునా చీలిపోయింది. ఆ చలికాలమే షోయిచికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అతనికి కొడుకుల్లేరు.

వాడ పెద్ద హోరిబే ఒక డబ్బా బియ్యపు బిస్కెట్లు పట్టుకుని కత్సుజి ఇంటికొచ్చాడు.

"అన్నగారికి అలా అయింది... పాపం. మరి జెండా సంగతి..." అని నసిగాడు. "మీరు కాకపోతే ఇంకెవరున్నారండీ ఉసుయి గారూ?"

ఇంకెవరూ దొరక్క వచ్చానని ఆయన మొహం మీదే రాసి ఉంది. కత్సుజి మొహం చదవలేదు, మాట మాత్రమే విన్నాడు. మర్యాద ప్రకారం మూడుసార్లు కాదనాలి. "నావల్ల ఎక్కడవుతుందండీ" అని రెండుసార్లు అని, మూడోసారి కూడా అంటే హోరిబే నిజంగానే లేచిపోతాడేమోనని హడలిపోయి ఒప్పేసుకున్నాడు.

ఆ రోజు నుంచీ మనిషిని పట్టలేకపోయాం. గ్రంథాలయం నుంచి లావుపాటి పుస్తకాలు తెచ్చుకున్నాడు. "ఒకటంటే ఏమనుకున్నారు? ఆకాశం, భూమి విడిపోకముందు ఉన్నది. అన్ని అంకెలకీ తల్లి" అని మంగలి కుర్చీలో కూర్చుని చెప్పాడు. మంగలి చేతిలో కత్తి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే చెయ్యెత్తి దండం పెట్టేవాడే. టోఫు కొట్టు ఇమైయమ్మకి కూడా ఇదే పురాణం. ఆమె నీళ్ళలోంచి టోఫు తీస్తూ "అబ్బ, ఎంత లోతైన సంగతండీ" అంది. మా ఊళ్ళో ఆ మాటకి అర్థం ఇక దయచేయండని.

"ఒక్క గీతకి ఇంత హడావిడేమిటండీ?" అంది భార్య మత్సుయె. "ముల్లంగి మీద నేను రోజూ వంద గీస్తాను."

"నీకేం తెలుసే! ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. చూస్తూ ఉండు."

"చూస్తాను. చూడక ఎక్కడికి పోతాను?"

రాయడం నేర్పేది సెగావా టీచరమ్మ. ఎనభై రెండేళ్ళ మనిషి. ప్రతి మంగళవారం సాయంత్రం వాడ హాల్లో పిల్లలకి కుంచె పట్టించేది. కత్సుజి వెళ్ళి, పెద్దవాళ్ళ తరగతి ఎప్పుడని అడిగాడు.

"పెద్దవాళ్ళు రారండీ. తమకి వచ్చేసిందని వాళ్ళ నమ్మకం" అందామె. "అక్కడ చోటుంది, కూర్చోండి."

ఆ చోటు ఇద్దరు మూడో తరగతి ఆడపిల్లల మధ్య. కత్సుజి మోకాళ్ళు మడిచి కూర్చుని, సిరా కడ్డీ రాతి మీద అరగదీసి, కోటు చేతులు పైకి మడిచి, ఊపిరి బిగబట్టి ఒకటి గీశాడు. టీచరమ్మ వంగి చూసింది.

"ఇదేమిటండీ, తీగ మీద ఆరేసిన మేజోడా?"

పిల్లలు పకపకా నవ్వారు. ఆమె ఎర్ర సిరా కుంచెతో దాని పక్కనే ఇంకో గీత గీసి చూపించింది. కుంచె ఆనించడం, లాగడం, ఆపడం. అంతే. ఆ 'అంతే'లోనే కత్సుజి మూడు నెలలు కొట్టుకున్నాడు. ఆనిస్తే ముద్దయ్యేది, లాగితే వణికేది, ఆపుదామంటే ఆగేది కాదు.

రెండో వారం అసలు తప్పు చేశాడు. గీసిన గీత నడుమ సన్నబడింది. ఎవరూ చూడట్లేదు కదా అని కుంచె కొసతో అక్కడ కొంచెం పూశాడు.

"టీచరుగారూ! తాతయ్య మళ్ళీ పూశాడు!" అని పక్కపిల్ల అరిచింది.

"కొంచెం సన్నబడిందనీ..." అన్నాడు కత్సుజి. మొహం ఎర్రబడింది.

"సన్నబడితే సన్నబడిందే. రాసిన గీత మీదికి కుంచె మళ్ళీ వెళ్ళకూడదు. మూడో తరగతిలో కుంచె పట్టిన మొదటిరోజు చెప్పే ముక్క ఇది. మీకూ ఎవరో చెప్పే ఉంటారు, మీరే మరిచిపోయారు."

"ఇంత పూస్తే ఎవరికి తెలుస్తుందండీ?"

"అందరికీ తెలుస్తుంది. ఈ ఊళ్ళో బడికి వెళ్ళని వాళ్ళెవరు?" అంది ఆమె. "ఒకటి గురించి మీరు మంగలి కొట్లో ఏదో ఉపన్యాసం ఇచ్చారట. ఆకాశం, భూమి అని. నాకవేమీ తెలియవు. ఒకటంటే ఒక్కసారి. నాకు తెలిసింది అదే."

కత్సుజికి ఈ అర్థం నచ్చలేదు. ఆకాశమూ భూమీ ఉండగా ఇంత చిన్న అర్థమేమిటని అనుకున్నాడు.

నాలుగో నెలకి చెయ్యి లొంగింది. ఇప్పుడు ఇంకో బాధ మొదలైంది. కుంచె వేగంగా లాగితే చివర సిరా అయిపోయి, నలుపు మధ్య తెల్లని చారలొచ్చేవి. కత్సుజి అలాంటివన్నీ ఉండచుట్టి పడేసేవాడు. టీచరమ్మ ఒక ఉండ విప్పి నేల మీద సాపు చేసింది.

"ఇది ఎందుకు పారేశారు?"

"చివర సిరా చాల్లేదండీ."

"చాలకపోవడం కాదది. కుంచె పరిగెత్తింది. ఆ చారలు ఉండనివ్వండి."

అలాగేనని తల ఊపాడు. ఒక్క ముక్క నమ్మలేదు. అన్న రాసిన ఒకటి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నల్లగా, లావుగా, బొగ్గు దూలంలా ఉండేది. ముప్పై ఒక్కేళ్ళు దాని వెనక నడిచాడు. అతని లెక్కలో ఒకటంటే అదే. చారలంటే చాలకపోవడం. చాలకపోవడం అతనికి పుట్టిననాటి నుంచీ తెలుసు, దాన్ని తీసుకెళ్ళి జెండా మీద పెట్టే ఉద్దేశం లేదు.

ఇల్లంతా ఒకట్లే. పాత వార్తాపత్రికల మీద నాలుగు వేల దాకా గీసి ఉంటాడు. మత్సుయె వాటిలో చిలగడదుంపలు చుట్టి ఇరుగుపొరుగుకి పంచింది. దుంపలు బాగున్నాయని అందరూ కబురు చేశారు.

సెప్టెంబరు చివరి ఆదివారం ముహూర్తం. గుడి మండపంలో మూడు పన్నాలు కలిపి కుట్టిన తెల్లటి నూలు గుడ్డ పరిచారు. వాడ పెద్దలు పన్నెండు మంది గోడ వారగా కూర్చున్నారు. టీచరమ్మ అందరికన్నా వెనక. షోయిచి రాలేకపోయాడు. కత్సుజి తండ్రి నాటి పండుగ బట్టలు కట్టుకుని, చీపురంత కుంచె రెండు చేతులా పట్టుకుని, సిరా బకెట్లో ముంచాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆకాశమూ భూమీ కాదు కదా, తన పేరు కూడా అతనికి గుర్తులేదు.

కుంచె ఆనించాడు. లాగాడు. ఎలా లాగాడో అతనికే తెలియదు, నాలుగు అడుగులు పక్కకి పరిగెత్తినట్టు వేశాడు. ఆపాడు.

హోరిబే లేచి నిలబడి, ఇంటింటికీ తిప్పే వాడ కాగితంలో వేయడానికని ఫోనుతో ఒక ఫొటో తీశాడు. వెనక నుంచి టీచరమ్మ "ఊ" అంది. ఆరు నెలల్లో ఆవిడ నోట ఆ అక్షరం రాలేదు, ఎప్పుడూ "ఊహూ" అనే. కత్సుజికి వినబడలేదు. అతని కళ్ళు గీత చివర ఉన్నాయి. అక్కడ సిరా పలచబడి, తెల్లని చారలు విచ్చుకుని ఉన్నాయి.

సిరా ఆరడానికి గంట పడుతుందని అందరూ పక్కగదిలో టీ తాగడానికి లేచారు. అన్నం పెట్టి చుట్టిన సుషీలు వచ్చాయి మరి. "మీరూ రండి" అంటే, "మీరు కానివ్వండి, నేను కాస్త చూసుకుని వస్తాను" అన్నాడు కత్సుజి. వాళ్ళు వెళ్ళిపోయారు.

మండపంలో అతనూ, ఒకటీ మిగిలారు. మోకాళ్ళ మీద కూర్చుని దగ్గరికి వంగి చూశాడు. దగ్గరగా చూస్తే చారలు ఇంకా పెద్దవిగా కనబడ్డాయి. ఊరంతా చూస్తుంది. 'పెద్దవాడు నిండుగా రాశాడు, రెండోవాడికి సిరా చాల్లేదు' అంటారు. ముప్పై ఏళ్ళు అంటారు! బకెట్ పక్కన చిన్న కుంచె ఉంది. ఒక్క చార. ఒక్కటే నింపితే సరిపోతుంది. నింపాడు. అది నల్లబడగానే పక్క చార ఇంకా తెల్లగా కనబడింది. దాన్నీ నింపాడు. ఇక ఆ తర్వాత ఆగడమెక్కడిది! ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు. పావుగంటలో గీత చివరంతా కాటుకలా నల్లగా అయింది. కత్సుజి చేతులు కడుక్కుని పక్కగదిలోకెళ్ళి ఆరు సుషీలు తిన్నాడు. ఆ ఆనందంలో నంజుకోవడానికి పెట్టిన ఊరగాయ అల్లం కూడా వదల్లేదు.

పండుగనాడు పొద్దున్నే గుడి మెట్ల దగ్గర జెండా ఎత్తారు. మూడు వాడల జనం ఉన్నారక్కడ. గుడ్డ గాలికి విచ్చుకుంది. సరస్సు మీంచి సూర్యుడు సరిగ్గా దాని వెనక ఉన్నాడు. నేల మీద పరిచినప్పుడు ఒక్క నలుపుగా ఉన్నది, వెనక నుంచి వెలుగు పడేసరికి రెండు నలుపులైంది. కింద పలచటి గీత, దాని మీద అతుకులతుకులుగా పూసిన చిక్కటి సిరా, అంచుల వెంట పాకిన మరకలు. ఎక్కడెక్కడ కుంచె మళ్ళీ తాకిందో చంటిపిల్లలు కూడా వేలుపెట్టి చూపించగలరు.

తర్వాత మొదలైంది పొగడ్తల వాన.

"ఎంత జాగ్రత్తగా రాశారండీ ఉసుయి గారూ!" అంది ఇమైయమ్మ.

కత్సుజి వంగి దండం పెట్టాడు. కళ్ళు చెమర్చాయి.

"చివరిదాకా ఎంత శ్రద్ధో!" అన్నాడు మంగలి.

కత్సుజి మళ్ళీ వంగాడు.

"ఏమి ఓపికండీ, ఏమి ఓపిక! మాబోటి వాళ్ళమైతే ఒక్కసారి రాసి వదిలేసేవాళ్ళం" అన్నారు ఇంకెవరో.

ఈసారి వంగినవాడు సగంలో ఆగిపోయాడు. తలెత్తి జెండా వంక చూశాడు. చూసి మొహం పాలిపోయింది. మా ఊళ్ళో చెడ్డదాన్ని చెడ్డదని ఎవరూ అనరు. తిడితే ఒకసారి బాధ, పొగిడితే జీవితమంతా బాధ. అందుకని పొగుడుతాం. దీనికి మాలో ఎవరికీ సిగ్గు లేదు, పైగా ఇదే మర్యాద అనుకుంటాం.

రెండో వాడ పెద్ద కితామురా ఊరుకుంటాడా! మూడు తరాల పోటీ ఆయె. నడుం విరిగేంతగా వంగి, "మా రెంటికి రెండే గీతలండీ. తమ ఒకటికి ఎన్ని పట్టాయో కాస్త సెలవిస్తే మా పిల్లలకి చెప్పుకుంటాం" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గు వచ్చినట్టు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. రాసినవాడు జెండా ముందు నడవాలని ఆచారం. కత్సుజి గుడి దాకా తల దించుకునే నడిచాడు. వెనక నుంచి వెలుగు పడి జెండా నీడ అతని మీదే పడుతోంది.

మర్నాడే హోరిబే ఇంటికి పరిగెత్తాడు.

"కొత్త గుడ్డ నేనే తెస్తానండీ. ఇంకోసారి రాస్తాను."

"అయ్యయ్యో, ఎంత మాట!" హోరిబే రెండు చేతులూ ఊపాడు. "గుడ్డ చిరిగితే కదండీ కొత్తది రాసేది! ఇది మంచి చిక్కని నేత, ముప్పై ఏళ్ళకి ఢోకా లేదు. మీరు అంత కష్టపడి రాశారు, అది చూసుకునే భాగ్యం వాడకి లేకుండా చేస్తారా?"

కత్సుజి ఆ వారంలో రెండుసార్లు జెండా ఉంచే వాడ సామాన్ల కొట్లోకి వెళ్ళి, ఎలుకలున్నాయా అని వెతికాడట. ఒక్కటీ లేదు. పోయినేడే హోరిబే పిల్లిని పెట్టాడు.

పదిరోజులకి వాడ కాగితం వచ్చింది. అట్టకి బిగించి ఉంటుంది. ఒక ఇంట్లో చదివి, చదివినట్టు ముద్ర వేసి, పక్కింటివాళ్ళ చేతికివ్వాలి. చెత్త బండి వేళలు, ముసలివాళ్ళ ఆరోగ్య పరీక్షలు, వాటి కింద పండుగ ఫొటోలు రెండు. ఒకదాని కింద 'రాసిన రోజు', రెండోదాని కింద 'ఎత్తిన రోజు' అని ఉంది.

మత్సుయె ముందు చూసింది.

"ఏవండీ, ఈ మొదటిది మీరు రాసిందేనా?"

కత్సుజి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆ గీతని అతను ఎప్పుడూ నిలబడి చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు ఆనించి, చివర మాత్రమే చూశాడు. హోరిబే నిలబడి మొత్తం తీశాడు. గీత బరువుగా మొదలై, కొంచెం పైకి ఎగసి, చివరికొచ్చేసరికి నలుపులోంచి తెల్లని చారలు విచ్చుకుని, గుడ్డ దాటి ఎటో వెళ్ళిపోతున్నట్టుంది. బాగుంది. ఎంత బాగుందంటే, ఎవరో గొప్పవాడు రాసిందనుకుని ఒక్క క్షణం అతనికి అసూయ కలిగింది.

"ఆఁ, నేనే."

"మరి ఈ రెండోది?"

"అదీ నేనే."

"అయ్యో, ఎందుకండీ?" అంది మత్సుయె. ఆమె గొంతులో వెటకారం లేదు. అందుకే అతనికి ఏడుపొచ్చింది. గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

ఆ అట్ట మూడు రోజులు ఇంట్లోనే ఉండిపోయింది. పక్కిల్లు పెద్దిల్లు, అంటే అన్నది. నాలుగో రోజు మత్సుయె అట్ట మీద ముద్ర తనే వేసి, అతని చేతిలో పెట్టి, వీధి తలుపు తీసి నిలబడింది.

షోయిచి కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. నాలుక ఇంకా పూర్తిగా తిరగదు, మాటలు ఒక్కొక్కటే వస్తాయి. అట్ట ఒళ్ళో పెట్టుకుని రెండు ఫొటోలూ చాలాసేపు చూశాడు.

"నేను రాసినప్పుడు... నాన్న నా మణికట్టు పట్టుక్కూర్చున్నాడు. ఆరేదాకా వదల్లేదు."

"ఎందుకు?"

"ఎందుకేమిట్రా! మళ్ళీ పూస్తానని. చేతులు దురద పెట్టి చచ్చాను." ఊపిరి తీసుకున్నాడు. "తాత కూడా నాన్నని అలాగే పట్టుకున్నాడట. నిన్ను ఎవరూ పట్టుకోలేదా?"

"అందరూ సుషీలు తినడానికెళ్ళారు."

షోయిచి తల దించుకున్నాడు.

"నేను చెప్పాల్సింది. హోరిబేకి చెప్పినా సరిపోయేది. వేసవంతా నా నాలుక చివరే ఉంది."

"జబ్బు మనిషివి, నీకెలా గుర్తుంటుంది అన్నయ్యా."

"గుర్తుందిరా. గుర్తుండే చెప్పలేదు." ఎడమచేతి వేలితో మొదటి ఫొటో మీద తట్టాడు. "సెగావా టీచరమ్మ నన్ను చూడ్డానికొచ్చి, మీ తమ్ముడికి చెయ్యి కుదిరింది అంది. నాకంటే బాగా రాస్తావేమోనని భయమేసింది. రాశావు కూడా."

కత్సుజికి అనడానికి అరవై ఏళ్ళ మాటలున్నాయి. కుడిచెయ్యి పడిపోయి, చొంగ కారుతున్న మనిషి ముందు వాటిలో ఒక్కటీ పైకి రాలేదు. కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఏది ముందొచ్చిందో తేల్చుకోలేకపోయాడు. షోయిచి ఎడమచేత్తో ముద్ర వేశాడు. అది వంకరగా, గళ్ళు దాటి పడింది. దాన్ని సరిచేయాలని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

అన్న నడవలేడు కాబట్టి అట్టని ఆ పక్కింటికి తనే పట్టుకెళ్ళాలి. ఆ పక్కిల్లు టోఫు కొట్టు. ఇమైయమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అట్ట మీది ఫొటోలు చూసి, అలవాటు కొద్దీ చిరునవ్వు తెచ్చుకుని నోరు తెరిచింది.

"మొదటిది నేను బాగా రాశానండీ" అన్నాడు కత్సుజి. "రెండోది నేనే పాడుచేశాను."

మా ఊళ్ళో అలా ఎవరూ మాట్లాడరు. ఇమైయమ్మ చిరునవ్వు అలాగే ఉండిపోయింది, కానీ నోటిదాకా వచ్చిన పొగడ్త ఎటు పోవాలో తెలియక లోపలే ఆగిపోయింది.